డి మైనర్‌కి మూడు స్కేళ్లు ఎందుకు? రెండు శృతిలో వాయించేవాళ్లు చెప్పండి

పర్లాకిమిడి_కీస్
అందరికీ నమస్తే. పర్లాకిమిడిలో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, అప్పుడప్పుడు బోర్డర్ దాటి పాతపట్నం, టెక్కలి వైపు కూడా ప్రోగ్రాములు. చెవితో నేర్చుకున్నవాణ్ని, నొటేషన్ చదవడం ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాను. మా సింగర్‌కి రెండు శృతి (అంటే డి మెట్టు షడ్జమం) సుఖంగా ఉంటుంది కాబట్టి మైనర్ పాటలన్నీ డి మైనర్‌లోకి దించేసుకుంటాం. పుస్తకం తెరిస్తే డి మైనర్ ఒక్కటి కాదట, న్యాచురల్, హార్మోనిక్, మెలోడిక్ అని మూడట, పైగా ఆ మూడోది ఎక్కేటప్పుడు ఒకలా దిగేటప్పుడు ఇంకోలా ఉంటుందట. మేజర్‌కి ఒక్క స్కేలుతో పని జరిగిపోతుంటే మైనర్‌కి ఇంత హంగామా ఎందుకు? స్టేజీ మీద ఎడం చేత్తో కార్డ్ (కలిపి నొక్కే మూడు నాలుగు స్వరాలు) పట్టుకుని కుడి చేత్తో ఫిల్ (పాట ఖాళీల్లో వేసే చిన్న ముక్క) వేయాలంటే ఈ మూడింట్లో ఏది వేయాలి? మా గిటారిస్టుని అడిగితే "ఏదో ఒకటి వేసేయ్, అన్నీ డి మైనరే" అంటాడు. ఏదో ఒకటి వేస్తే కొన్నిచోట్ల పళ్లు జివ్వుమంటున్నాయి.

కాశీనగరం_హార్మోనియం
దీనికింత ఆలోచనెందుకు తమ్ముడూ. రెండో శృతి మెట్టు మీద మొదలెట్టి పైన అదే మెట్టు దాకా తెల్ల మెట్లన్నీ వరసగా నొక్కుకుంటూ పో, నల్లదాని జోలికి పోకు. అదే మైనర్. మా భజనల్లో సగం పాటలు అలాగే లాగిస్తాం, ఎవరికీ పళ్లు జివ్వుమనలేదు.

బరంపురం_ఫిడేలు
హార్మోనియం గారూ, మీరు చెప్పినది వినడానికి బాగుంటుంది గానీ అది డి మైనర్ కాదండీ. డి మీద తెల్ల మెట్లన్నీ వేస్తే వచ్చేది ఖరహరప్రియ, మేళకర్తల్లో, అంటే కర్ణాటక సంగీతం మూల రాగాల పట్టికలో, 22వది. పాశ్చాత్యులు దాన్ని డోరియన్ అంటారు. డి మైనర్‌లో బి కి బదులు బి ఫ్లాట్ ఉండాలి, అంటే చతుశ్రుతి దైవతం బదులు శుద్ధ దైవతం. తేడా ఆ ఒక్క మెట్టే, కానీ పాట రంగు మొత్తం మారిపోతుంది.

కీస్ బాబూ, నీకు స్వరాలు తెలిసే ఉంటాయి కాబట్టి ఇలా చెప్తాను. డి ని షడ్జమం అనుకో. న్యాచురల్ మైనర్ అంటే డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి ఫ్లాట్, సి. ఇది 20వ మేళం నటభైరవి. ఇందులో సి ఒక్కదాన్నీ సి షార్ప్ చేస్తే హార్మోనిక్, 21వ మేళం కీరవాణి. బి ఫ్లాట్‌ని కూడా మామూలు బి చేసేస్తే మెలోడిక్‌లో ఎక్కే సగం, అది 23వ మేళం గౌరీమనోహరి. దిగేటప్పుడు మళ్లీ నటభైరవే. చూశావా, స రి గ మ ప దాకా మూడింటికీ తేడా లేదు, సాధారణ గాంధారం కదలదు. మైనర్ అన్న పేరు తెచ్చేది ఆ గాంధారమే. తర్వాత దైవతం, నిషాదం మాత్రం చోటు మారుతుంటాయి. మధ్యలో 22 ఉంది కదా, అదే హార్మోనియం గారి తెల్ల మెట్లు. 20, 21, 22, 23 పక్కపక్క ఇళ్లు.

కాశీనగరం_హార్మోనియం
22 అయినా మైనర్ గాంధారమే ఉంది కదా గురువుగారూ. నేను చెప్పినదాంట్లో తప్పేటి?

బరంపురం_ఫిడేలు
గాంధారం వరకు మీరు చెప్పిందే. దైవతం దగ్గరే మన దారులు వేరు. అయినా మీకు ఊరట కలిగించే మాట ఒకటుంది. బాఖ్ ఆర్గన్ కోసం రాసిన ఒక టొకాటాకి "డోరియన్" అన్న పేరు అంటుకుపోయింది, కేటలాగులో 538. నిజానికి అది డి మైనరే. పాత పద్ధతిలో వరస మొదట్లో బి ఫ్లాట్ గుర్తు పెట్టకుండా రాసి, ఫ్లాట్లు కావలసినచోట విడిగా వేసుకుంటూ పోయాడు. కాగితం చూసి మోసపోయినవాళ్లు అక్కడా ఉన్నారు.

రాయగడ_గిటార్
స్వరాల లెక్క గురువుగారు చెప్పేశారు, ఎందుకు అన్నదానికి నేను వస్తాను. మూడు స్కేళ్లు అని పుస్తకాలు విడివిడిగా రాయడం వల్లే ఈ తలనొప్పి. కీ ఒక్కటే. అందులో ఆరో స్వరం, ఏడో స్వరం సందర్భాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతాయి, అంతే.

కారణం కార్డుల్లో ఉంది. మేజర్‌లో పాట ముగించేటప్పుడు ఐదో కార్డు (స్కేలులో ఐదో స్వరం మీద కట్టిన కార్డు) నుంచి ఒకటో కార్డుకి వస్తాం. డి మేజర్ అయితే ఎ మేజర్ నుంచి డి కి. ఎ మేజర్‌లో సి షార్ప్ ఉంది, అది డి కి ఒక్క మెట్టు దూరంలో నిలబడి పైకి ఎక్కేయాలని గుంజుతుంటుంది. ఇప్పుడు న్యాచురల్ మైనర్ తీసుకో. అందులో సి మామూలు సి కాబట్టి ఐదో కార్డు ఎ మైనర్ అవుతుంది. ఎ మైనర్ నుంచి డి మైనర్‌కి వాయించి చూడు, ఇంటి గుమ్మం దాకా తీసుకొచ్చి లోపలికి రమ్మనకుండా వదిలేసినట్టు ఉంటుంది. ఇప్పుడు ఎ మైనర్ తీసేసి ఎ సెవెన్ వేయి, అంటే ఎ, సి షార్ప్, ఇ, జి. వెంటనే డి మైనర్. పాట ఠక్కున కూర్చుంటుంది. సి షార్ప్ పైకెక్కి డి అవుతుంది, జి కిందికి దిగి ఎఫ్ అవుతుంది, రెండూ ఒక్కో అడుగు వేస్తే చాలు. ఆ ఒక్క ముగింపు కోసమే ఏడో స్వరాన్ని పెంచారు. కార్డుల కోసం పెంచారు కాబట్టి హార్మోనిక్ అన్నారు.

పాట డి మైనర్, సి, బి ఫ్లాట్, మళ్లీ సి అని తిరుగుతోందంటే మాత్రం ఎక్కడా ఎ సెవెన్ లేదు, అప్పుడు సి షార్ప్ పేరే ఎత్తొద్దు. నీకు పళ్లు జివ్వుమన్నది ఇక్కడే అని నా అనుమానం. ఎడం చేతిలో సి కార్డు, కుడి చేతిలో సి షార్ప్.

గుణుపురం_క్వయర్
మెలోడిక్ సంగతి నేను చెప్తానండీ, మా చర్చిలో క్వయర్‌కి ఆర్గన్ వాయిస్తూ నాలుగు గొంతులతో వేగుతుంటాను కాబట్టి అది నా సొంత బాధ. హార్మోనిక్‌లో బి ఫ్లాట్ నుంచి సి షార్ప్‌కి మూడు సెమీటోన్లు (సెమీటోన్ అంటే కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం). కీబోర్డు మీద వేలు పెడితే పలుకుతుంది, గొంతుకి అలా కాదు. మా ఆల్టోలు (ఆడవాళ్లలో కింది గొంతు వాళ్లు) ఎ నుంచి బి ఫ్లాట్‌కి బాగానే వచ్చి అక్కడినుంచి సి షార్ప్ అందుకోవాల్సినచోట సగంలో ఆగిపోతారు, సి కీ సి షార్ప్‌కీ మధ్య ఎక్కడో తేలుతారు. ఐరోపాలో పాత రోజుల్లో కూడా క్వయర్లు పాడే వరసల్లో ఆ గెంతు రాకుండా చూసుకునేవారు. ఎలాగంటే, పైకెళ్లేటప్పుడు ఎలాగూ సి షార్ప్ కావాలి కాబట్టి దానికి దగ్గరగా బి ఫ్లాట్‌ని కూడా బి చేసేశారు. ఎ, బి, సి షార్ప్, డి, దారి చదును. దిగేటప్పుడు డి దాటి వచ్చేశాం, ఇక పైకి గుంజే అవసరం లేదు, అందుకే సి, బి ఫ్లాట్, ఎ అని మామూలుగా దిగిపోతారు. పాట వరస కోసం చేసిన సర్దుబాటు కాబట్టి మెలోడిక్.

అలాగని అదేమీ చట్టం కాదు. బాఖ్ రచనల్లో పెంచిన ఆరూ ఏడూ దిగేటప్పుడు కూడా కనిపిస్తాయి, కింద ఐదో కార్డు నడుస్తుంటే. జాజ్ వాళ్లయితే ఎక్కినా దిగినా ఒకటే స్కేలు వాడతారు, వాళ్ల మెలోడిక్ మైనర్ అచ్చంగా గురువుగారు చెప్పిన గౌరీమనోహరి మేళమే.

బరంపురం_ఫిడేలు
క్వయర్ బాబు మాటకి ఒకటి చేర్చకుండా ఉండలేను. మూడు సెమీటోన్ల గెంతు గొంతుకి కష్టం అన్నది వాళ్ల అలవాటు. మన పిల్లలు సంగీతంలో మొట్టమొదట నేర్చుకునేది ఏ రాగం? మాయామాళవగౌళ. సరళీ వరసలు, జంట వరసలు అన్నీ అందులోనే. దాంట్లో శుద్ధ రిషభం నుంచి అంతర గాంధారానికి ఒక గెంతు, శుద్ధ దైవతం నుంచి కాకలి నిషాదానికి ఇంకో గెంతు, రెండూ మూడేసి సెమీటోన్లే. ఏడేళ్ల పిల్లలు తాళం వేసుకుంటూ పాడేస్తారు. కాబట్టి కీరవాణిలో ద ని దగ్గర మన గొంతు తడబడదు, అసలు కీరవాణి అందం ఉన్నదే అక్కడ. త్యాగరాజస్వామి "కలిగియుంటే గదా" అన్న కీర్తన ఈ రాగంలోనే చేశారు, ఎవరైనా పాడుతుంటే ఆ చోటు ఎలా పలుకుతారో ప్రత్యేకంగా వినండి. మెలోడిక్ మైనర్ పుట్టడానికి కారణమైన ఇబ్బంది మనకి మొదటినుంచీ ఇబ్బందే కాదు. మీ ఆల్టోల చేత ఒక నెల మాయామాళవగౌళలో సరళీ వరసలు పాడించి చూడు.

ఇంకొకటి. ఎక్కేటప్పుడు ఒక దైవతం, దిగేటప్పుడు ఇంకొకటి అన్న పద్ధతి మనకేమీ కొత్త కాదు. భైరవి రాగం చూడండి. నటభైరవికి జన్యం (దాన్నుంచి పుట్టిన రాగం), ఆరోహణలో చతుశ్రుతి దైవతం, అవరోహణలో శుద్ధ దైవతం. నిషాదం మాత్రం రెండువైపులా కైశికే. అంటే మెలోడిక్ మైనర్‌లో ఆరో స్వరం చేసే పని భైరవిలో ఉంది, ఏడో స్వరం చేసే పని లేదు. ఎందుకు లేదంటే మనకి కార్డులు లేవు, కింద శృతిపెట్టె స ప స అని మోగుతూనే ఉంటుంది, కొత్తగా ఇంటికి చేర్చాల్సిన పని లేదు. ఈ ఒక్క తేడా అర్థమైతే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

గుణుపురం_క్వయర్
గురువుగారూ, మాయామాళవగౌళ ఐడియా బ్రహ్మాండం. మా దగ్గర ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది, కీర్తనల నెత్తిన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. అందులో చాలా కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి గారు మన పర్లాకిమిడి ప్రాంతం వారే. పెద్దవాళ్లు ఆ పాటలు పాడేటప్పుడు ఏ గెంతూ తడబడరు, అదే గొంతులు ఇంగ్లీషు హిమ్ పట్టుకుంటే బిగుసుకుపోతాయి. ఇప్పుడు కారణం కొంత తెలుస్తోంది.

రాయగడ_తబలా
నేను హిందుస్తానీ వైపు విశారద చదివాను, మా సార్ ఒడియా ఆయన. మాకు నటభైరవి స్వరాలు అంటే అసావరీ థాట్ (థాట్ అంటే మీ మేళం లాంటిది), హార్మోనియం అన్న చెప్పిన తెల్ల మెట్లు అంటే కాఫీ థాట్. భాత్‌ఖండే గారి పది థాట్లలో కీరవాణికి చోటు లేదు, గౌరీమనోహరికీ లేదు. కోమల గాంధారం, కోమల దైవతం, శుద్ధ నిషాదం కలిసి ఉన్న థాట్ ఏదని అడిగితే మేం నోరు తెరవాల్సిందే. కిర్వాణీ వాయిస్తారు, సితార్ మీద బాగా వాయిస్తారు, కానీ అది దక్షిణాది నుంచి తెచ్చుకున్నదని అందరూ ఒప్పుకుంటారు. గౌరీమనోహరి స్వరాలకి దగ్గరగా మాకు పటదీప్ ఉంది, అయితే ఆరోహణలో రి, ద వదిలేస్తాం. మన జిల్లాల్లో ఒక వీధిలో కర్ణాటకం, ఇంకో వీధిలో హిందుస్తానీ, మూడో వీధిలో చర్చి ఆర్గన్, పేర్లు మూడు రకాలు. కీబోర్డ్ అబ్బాయి తికమక పడ్డాడంటే పడడా మరి.

జయపురం_అమ్మ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మేం జయపురంలో ఉంటాం, మా పాప పియానో గ్రేడ్ పరీక్షకి ఆన్‌లైన్‌లో నేర్చుకుంటోంది. ఈసారి డి మైనర్ స్కేలు ఉంది, రెండు చేతులతో, హార్మోనిక్ గానీ మెలోడిక్ గానీ. నాకు చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు గీతాలు తప్ప సంగీతం రాదు, పక్కన కూర్చుని ప్రాక్టీసు చేయించడం మాత్రం నా డ్యూటీ. రెండు సందేహాలు. పాప రాత పేపర్లో సి షార్ప్‌కి బదులు డి ఫ్లాట్ అని రాస్తే టీచర్ తప్పు కొట్టేసింది. కీబోర్డు మీద రెండూ ఒకటే మెట్టు కదా, ఎందుకు తప్పు? అడిగితే "రూల్ అంతే" అంది. రెండోది, డి మైనర్‌లో సి షార్ప్ ఉన్నప్పుడు వరస మొదట్లో బి ఫ్లాట్ ఒక్కటే గుర్తు ఎందుకు పెడతారు? ఆ షార్ప్ కూడా అక్కడే పెట్టేస్తే పిల్లలు మర్చిపోరు కదా. పరీక్ష దగ్గర పడుతోంది, పాపకంటే నాకే టెన్షన్.

గుణుపురం_క్వయర్
అక్కా, మొదటిదానికి రూల్ ఉంది, కారణమూ ఉంది. స్కేలులో ఏడు అక్షరాలూ ఒక్కొక్కసారే రావాలి. డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి ఫ్లాట్, సి షార్ప్, డి. సి షార్ప్ చోట డి ఫ్లాట్ రాస్తే సి అన్న అక్షరమే లేకుండా పోతుంది, డి రెండుసార్లు వస్తుంది. కాగితం మీద గీతల్లో చూస్తే ఒకే చోట డి ఫ్లాట్, డి రెండూ కూర్చుంటాయి, చదివేవాళ్లు ప్రతిసారీ గుర్తులు మార్చుకుంటూ చావాలి. పైగా అది ఏడో స్వరాన్ని పెంచినది కాబట్టి ఏడో అక్షరం పేరుతోనే ఉండాలి. ఇదే లెక్క ముదిరితే జి షార్ప్ మైనర్‌లో ఎఫ్ డబుల్ షార్ప్ వస్తుంది, మెట్టు చూస్తే మామూలు జి, పేరు మాత్రం ఎఫ్. పాపకి అది ఇప్పుడే చెప్పకండి.

రెండోదానికి, సి షార్ప్ ఆ కీలో ఎప్పుడూ ఉండేది కాదు, అవసరమైనప్పుడు వచ్చేది. పాటలో సగంచోట్ల మామూలు సి కూడా వస్తుంది. మొదట్లో బి ఫ్లాట్ ఒక్కటే పెడతారు, ఎఫ్ మేజర్‌కీ అదే గుర్తు, రెండూ ఒకే కుటుంబం. ఇదే ఎఫ్ మేజరా డి మైనరా అన్నది కనిపెట్టడానికి నేను చూసేది కూడా అదే: మధ్యలో అక్కడక్కడా సి షార్ప్ గుర్తులు తగులుతూ, చివర డి దగ్గర ఆగితే డి మైనర్.

వేళ్లు ఇలా పెట్టించండి. కుడి చెయ్యి: బొటనవేలు డి, చూపుడువేలు ఇ, మధ్యవేలు ఎఫ్, అక్కడ బొటనవేలు కిందినుంచి దూరి జి అందుకోవాలి, తర్వాత చూపుడువేలు ఎ, మధ్యవేలు బి ఫ్లాట్, ఉంగరపువేలు సి షార్ప్, చిటికెనవేలు డి. ఆ పైన మధ్యవేలు, ఉంగరపువేలు రెండూ నల్ల మెట్ల మీద కొంచెం చాచుకుని కూర్చుంటాయి, పిల్లల చెయ్యి చిన్నదైతే అక్కడే లాగుతుంది. మణికట్టు కొంచెం లోపలికి, నల్ల మెట్ల వైపు జరపమనండి. ఎడం చెయ్యి చిటికెనవేలుతో మొదలై ఎ దగ్గరికి బొటనవేలు వస్తుంది, అప్పుడు మధ్యవేలు పైనుంచి దాటి బి ఫ్లాట్ మీద పడాలి. రెండు చేతులూ దాటే చోట్లు వేరు, అందుకే రెండూ కలిపితే పిల్లలు ఆగిపోతారు. విడివిడిగా నిద్రలో అడిగినా వచ్చేదాకా కలపొద్దు. హార్మోనిక్ తీసుకోండి, ఎక్కినా దిగినా అవే స్వరాలు, పరీక్షలో మెదడుకి పని తక్కువ.

జయపురం_అమ్మ
చాలా థ్యాంక్స్ తమ్ముడూ. ఏడు అక్షరాల సంగతి చెప్పగానే పాప "ఓహ్ అంతేనా" అని మళ్లీ బొమ్మలు చూడ్డానికి వెళ్లిపోయింది. బొటనవేలు దూర్చడం దగ్గర గొడవ నడుస్తోంది.

మేళం_క్లారినెట్
నాయనలారా, నేను కాగితం మనిషిని కాదు, బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదుతాను, వయసు మీదపడినా పెళ్లి ఊరేగింపు వదలను. ఈ కీబోర్డ్ కుర్రాడిలాంటి వాళ్లు స్టేజీ మీదకి పిలిచి "తాతా, డి మైనర్" అంటారు. నేను డి మైనర్ వేళ్లు వేస్తే మొత్తం మునిగిపోతుంది. మాది బి ఫ్లాట్ క్లారినెట్, నేను సి వేళ్లు పెడితే బయటికి బి ఫ్లాట్ వినిపిస్తుంది, రెండు మెట్లు కిందికి. కాబట్టి మీకు డి మైనర్ వినబడాలంటే నేను ఇ మైనర్ వేళ్లు వేయాలి. ట్రంపెట్ వాడిదీ అదే కథ. ఆల్టో శాక్సోఫోన్ వాడయితే బి మైనర్ వేసుకోవాలి, వాడి వాయిద్యం ఇ ఫ్లాట్‌ది.

ఈ మూడు స్కేళ్ల గొడవ మా వేళ్లకి ఇంకో రకంగా తగులుతుంది. ఇ మైనర్‌లో మధ్యమం ఎ, పంచమం బి. నడిమి స్థాయిలో ఎ అంటే ఎడం చేతి చూపుడువేలు ఒక్కటే పని చేస్తుంది, మిగతా రంధ్రాలన్నీ ఖాళీ. పక్కన బి కి వెళ్లాలంటే రంధ్రాలన్నీ ఒక్కసారిగా మూసి, వెనక బొటనవేలుతో పైస్థాయి మీట కూడా నొక్కాలి. మ నుంచి ప కి సాఫీగా వెళ్లడమే ఒక ఎత్తు, ఆ వెంటనే సి, డి షార్ప్ అని కీరవాణి గెంతు ఇంకో ఎత్తు. ఊరేగింపులో నడుస్తూ, ముందు టపాకాయలు పేలుతుంటే చేసి చూడండి, తెలుస్తుంది. అందుకే మా పాతవాళ్లు ఆ చోటుని స్వరం స్వరం పలక్కుండా కిందినుంచి జారుస్తూ పట్టేవారు. వినేవాళ్లు గమకం అనుకుని మెచ్చుకుని నోటు చేతిలో పెట్టేవారు.

పర్లాకిమిడి_కీస్
తాతగారూ, ఇన్నాళ్లూ మేం స్టేజీ మీద మిమ్మల్నిలా ఇబ్బంది పెడుతున్నామని తెలియదు, ఇకమీద ఇ మైనర్ అనే చెప్తాం.

గిటార్ అన్నయ్యా, ఇప్పుడు చాలావరకు అర్థమైంది. ఒక ఉదాహరణతో తేల్చండి. పాట డి మైనర్, జి మైనర్, ఎ సెవెన్, డి మైనర్ అని తిరుగుతోంది. కుడి చేత్తో ఎక్కడ ఏది?

రాయగడ_గిటార్
డి మైనర్ మీద నడిచేటప్పుడు నటభైరవి స్వరాలు, అంటే బి ఫ్లాట్, మామూలు సి. జి మైనర్ మీద కూడా అంతే, ఎందుకంటే జి మైనర్ కార్డులోనే బి ఫ్లాట్ ఉంది, అక్కడ బి వేశావంటే కార్డుకీ నీకూ కొట్లాట. ఎ సెవెన్ రాగానే సి వదిలేసి సి షార్ప్. దాని చుట్టూ కిందికి దిగుతూ ఆడుకుంటే బి ఫ్లాట్ ఉంచు, సి షార్ప్, బి ఫ్లాట్, ఎ, అచ్చం కీరవాణి, పెళ్లి పందిట్లో జనం తల ఊపేది దీనికే. అదే ఎ నుంచి గబగబా పైకెక్కి డి మీద వాలాలంటే బి, సి షార్ప్, డి. వేగంగా పోతే బి వినబడీ వినబడనట్టు దాటిపోతుంది, కార్డుతో పేచీ ఉండదు. కింద జి మైనర్ బదులు జి మేజర్ వచ్చిందనుకో, అప్పుడు బి తప్పనిసరి, హార్మోనియం అన్న తెల్ల మెట్లు అక్కడ పక్కాగా పనిచేస్తాయి. ఆయన భజనల్లో పళ్లు జివ్వుమనకపోవడానికి అదే కారణం, ఆ పాటల్లో బి ఫ్లాట్ ఉన్న కార్డు ఎవరూ పట్టరు.

చెయ్యి చూసుకో, స్కేలు పేరు చూసుకోకు. ఎడం చేతిలో ఉన్న కార్డులో కీ తాలూకు ఆరో ఏడో స్వరం (ఇక్కడ బి, సి) ఏ రూపంలో ఉంటే కుడి చేతికీ అదే. కార్డులో ఆ రెండూ లేకపోతే నీ ఇష్టం.

కాశీనగరం_హార్మోనియం
చూశారా, చివరికి నా తెల్ల మెట్ల దగ్గరికే వచ్చారు.

ఇంతకీ మైనర్ అంటే ఏడుపు పాటలే అంటారు మా వాళ్లు. నిజమేనా? హుషారు పాటలు కూడా ఉన్నాయి కదా.

బరంపురం_ఫిడేలు
ఏడుపు మాట పాశ్చాత్యుల దగ్గరినుంచి వచ్చింది. మోజార్ట్ 1791లో చనిపోయేముందు రాస్తూ పూర్తి చేయకుండా వెళ్లిపోయిన రెక్వియమ్ డి మైనర్‌లోనే ఉంది కాబట్టి అలా అనడంలో అర్థముంది. కానీ బీథోవెన్ తొమ్మిదో సింఫనీ, 1824ది, అదీ డి మైనర్‌లోనే మొదలవుతుంది, చివరికి డి మేజర్‌లో పండగ చేసుకుంటూ ముగుస్తుంది. మన వైపు వస్తే ఖరహరప్రియలో సాధారణ గాంధారమే ఉంది, అది విని ఏడ్చినవాణ్ని నేను చూడలేదు. నడక, తాళం, ఎక్కడ ఊగించాం అన్నవి తేలుస్తాయి గానీ గాంధారం ఒక్కటే మనిషిని ఏడిపించదు.

అసలు హార్మోనియం మీద ఆ గాంధారం గురించి నాకు వేరే పేచీ ఉంది. కీబోర్డులో షడ్జమం నుంచి సాధారణ గాంధారం 300 సెంట్ల దూరంలో ఉంటుంది (ఒక సెమీటోన్ అంటే వంద సెంట్లు). తంబురా పక్కన పెట్టి చెవితో కలిపే శుద్ధమైన 6:5 నిష్పత్తి గాంధారం దాదాపు 316 సెంట్లు. ఫిడేలు మీద వేలు కొంచెం జరిపి ఆ చోటు పట్టుకోవచ్చు, ఊగించవచ్చు. మీ రీడు ఊగదు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని బయటికి నెట్టింది ఊరికే కాదు.

కాశీనగరం_హార్మోనియం
1971లో మళ్లీ లోపలికి రానిచ్చింది కూడా ఊరికే కాదండీ గురువుగారూ. మీ ఫిడేలు కూడా తెల్లవాళ్ల దగ్గరినుంచి వచ్చిందే. ఊరి భజనకి తంబురా వేసుకుని ఎవడు కూర్చుంటాడు, చలికాలం మంచులో మీ తీగ దిగిపోతుంది, నా రీడు దిగదు.

రాయగడ_తబలా
ఈ కొట్లాట వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి పెద్దలిద్దరూ, ఇది కుర్రాడి థ్రెడ్.

పర్లాకిమిడి_కీస్
పర్వాలేదు, నాకు సరదాగానే ఉంది. నిన్న పాతపట్నం ప్రోగ్రాంలో అన్నయ్య చెప్పినట్టే చేశాను. ఎ సెవెన్ వచ్చినప్పుడు మాత్రమే సి షార్ప్, మిగతాచోట్ల సి. మా గిటారిస్టు తిరిగి చూశాడు, ఏమీ అనలేదు, అంటే బాగుందనే. పైకెక్కే ఫిల్ ఇంకా తడబడుతోంది, బి వేయాల్సిన చోట అలవాటుకొద్దీ వేలు బి ఫ్లాట్ మీదకే పోతోంది.

ఒక చివరి ప్రశ్న. క్వయర్ అన్నయ్యా, చర్చి పాటల్లో కొన్ని డి మైనర్‌లో నడిచి ఆఖరి కార్డు మాత్రం డి మేజర్‌లో ఆగడం విన్నాను. ఆ ఎఫ్ షార్ప్ ఎక్కడినుంచి వచ్చింది? ఈ మూడు స్కేళ్లలో ఎక్కడా లేదు కదా.

గుణుపురం_క్వయర్
లేదు, అది స్కేలు లెక్కలోకి రాదు. పికార్డీ థర్డ్ అంటారు. పాత కాలంలో మైనర్ కార్డు మీద పాట పూర్తిగా ఆగిందని వాళ్ల చెవికి అనిపించేది కాదు, అందుకే చివరి కార్డులో మూడో స్వరాన్ని ఒక మెట్టు పెంచి మేజర్ చేసి ఆపేవారు. బాఖ్ కోరళ్లలో (నాలుగు గొంతుల చర్చి పాటల్లో) బోలెడు. ఆఖరి కార్డు ఒక్కదానికే, ముందు ఎక్కడా వేయకు. సింగర్‌కి ముందే చెప్పు, ఆయన చివర్లో ఎఫ్ పట్టుకుని ఊగుతుంటే నువ్వు ఎఫ్ షార్ప్ వేశావంటే స్టేజీ మీదే తిడతాడు. గంభీరమైన భక్తి పాటల చివర బాగుంటుంది, డాన్స్ పాటలకి వద్దు.

మేళం_క్లారినెట్
అది వేసేటప్పుడు నాకూ ముందే సైగ చేయి నాయనా. నీ ఎఫ్ షార్ప్ నాకు జి షార్ప్ అవుతుంది, నడిమి స్థాయిలో దానికి పక్క మీట విడిగా నొక్కాలి. వచ్చే వారం గుణుపురం పెళ్లికి మీ పార్టీ వాళ్లే వస్తున్నారని విన్నాను, పాటల లిస్టు ఇ మైనర్‌లో రాసి ముందే పంపండి.

పర్లాకిమిడి_కీస్
రాసి పంపుతా తాతగారూ. శాక్సోఫోన్ ఆయన కూడా వస్తున్నారా? అయితే ఆయనకి విడిగా బి మైనర్ కాపీ.